లక్షన్నర మైళ్ల బండి, పదహారేళ్ల డ్రైవరు

అమెరికాలో పిల్లలకు పదహారు నిండేసరికి తెలుగు ఇళ్లలో రెండు పక్షాలు తయారవుతాయి. "మనకు కాలేజీకి సైకిలే గతి, పిల్లలకైనా కొత్త కారు కొందాం" అనేది ఒక పక్షం. "ఇంట్లో పాత క్యామ్రీ ఉందిగా, గుద్దుకొచ్చినా బాధ లేదు" అనేది ఇంకో పక్షం. పిల్లలది మూడో పక్షం. వాళ్లు ఫోన్లో ఒక ఫొటో చూపిస్తారు. ఎత్తుగా, నెత్తిన రాక్‌తో, లావుపాటి టైర్లతో 2008 టొయోటా ఫోర్‌రన్నర్. ధర 8,900 డాలర్లు. ఓడోమీటరు 1,78,000 మైళ్లు. ఆ అంకె చూడగానే నాన్న, "ఇండియాలో అయితే తూకానికి అమ్మేసేవాళ్లం" అని ఫోను పక్కన పెట్టేస్తాడు.

పక్కన పెట్టకండి. ఆ ఫొటోలోని బండే కొనమని అనడం లేదు. కానీ బాగా తిరిగిన పాత ఎస్‌యూవీని వెతికి, పరీక్షించి, బేరమాడి కొనే పని ఉందే, దాన్ని పిల్లల చేత చేయిస్తే ఏ సమ్మర్ క్యాంపూ నేర్పనంత నేర్పుతుంది. ఈ అధ్యాయం మొత్తానికి ఒకటే షరతు: వెతకడం, ప్రశ్నలు అడగడం, లెక్క వేయడం పిల్లల పని. వద్దనే అధికారం మీది. ఆ అధికారాన్ని రెండు విషయాల్లోనే వాడండి. ఒకటి ప్రాణభద్రత, రెండోది మెకానిక్ నివేదిక. రంగు, బ్రాండు, "నలుగురూ ఏమనుకుంటారో" అన్నవి ఆ జాబితాలో లేవు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. లక్షన్నర మైళ్లంటే దాదాపు 2,40,000 కిలోమీటర్లు. లక్ష కిలోమీటర్లు దాటిన బండిని ముసలిదిగా చూసే అలవాటు మనకు ఇండియా నుంచి వచ్చింది. ఇక్కడి మైళ్లు వేరు. ఫ్రిస్కోలో ఇల్లు, డాలస్ డౌన్‌టౌన్‌లో ఆఫీసు ఉన్న మనిషి రోజూ యాభై, అరవై మైళ్లు హైవే మీద ఒకే వేగంతో తిరుగుతాడు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, గేర్లు అస్తమానం మారవు, బ్రేకుల పని తక్కువ. అదే బండి ఇంటి నుంచి బడికి, బడి నుంచి కిరాణా కొట్టుకు రెండేసి మైళ్లు తిరిగితే ఆయిల్ వేడెక్కేలోపే ఆగిపోతుంది. పన్నెండేళ్లలో అరవై వేల మైళ్లే తిరిగిన బండి ఫొటోలో ముద్దుగా ఉంటుంది, లోపల సీళ్లు ఎండిపోయి ఉంటాయి, టైర్లు నిండుగా కనిపిస్తూనే గట్టిపడి ఉంటాయి. తక్కువ మైలేజీ అన్న ఒక్క మాటకు రెండు వేలు ఎక్కువ పోసే బలహీనత మనవాళ్లలో ఉంది. అమ్మేవాళ్లకూ అది తెలుసు.

పైగా ఆ అంకె నిజమేనన్న నమ్మకమూ లేదు. ఓడోమీటరును వెనక్కి తిప్పడం ఫెడరల్ నేరం. అయినా జరుగుతూనే ఉంటుంది. చేతులు మారేటప్పుడు ఎన్ని మైళ్లు తిరిగిందో రాసి ఇవ్వాలన్న నియమం 2011, ఆ తర్వాతి మోడళ్లకు ఇరవై ఏళ్ల వరకు వర్తిస్తుంది. 2010, అంతకు ముందు మోడళ్లకు అది అక్కర్లేదు. వాటి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద మైలేజీ దగ్గర "ఎగ్జెంప్ట్" అని కనిపిస్తే ఎవరో దాచారని కాదు, అడిగేవాడు లేడని అర్థం. అలాంటప్పుడు సర్వీసు రసీదులే సాక్ష్యం. ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర ఆయిల్ మార్చారో వరుసగా ఉన్న కాగితాల కట్ట ఒకటి ఉంటే, 1,80,000 మైళ్ల బండిని ఏ కాగితమూ లేని 1,10,000 మైళ్ల బండికన్నా ముందు పెడతాను. బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు మంచిదే గాని, దానికి చేరని ప్రమాదాలు అందులో కనపడవు. చేతి డబ్బులతో పెరటి గ్యారేజీలో బంపరు మార్పించుకున్న సంగతి దానికెలా తెలుస్తుంది?

ఇంజిన్ గురించి మాట్లాడే ముందు ప్రాణం సంగతి. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల డ్రైవర్ల విషయంలో, నడిపిన ప్రతి మైలుకూ లెక్కగట్టితే, ప్రాణం తీసే ప్రమాదాల రేటు ఇరవై దాటినవాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు. అందుకే మొదటి బండిలో ఇది ఉండి తీరాలి: ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. తడి రోడ్డు మీద వేగంగా మలుపు తిప్పినప్పుడు బండి జారిపోకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు ఇది. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ పల్టీ కొట్టకుండా కాపాడడంలో దీని పాత్ర చాలా పెద్దది. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ తప్పనిసరి చేశారు. అంతకు ముందు కొన్నింటికి ఉండేది, కొన్నింటికి లేదు. ఫోర్‌రన్నర్‌కు 2001 నుంచీ, హోండా సీఆర్‌-వీకి 2007 నుంచీ అన్నింటిలోనూ ఉంది. టొయోటా దాన్ని వీఎస్‌సీ అంటుంది, హోండా వీఎస్‌ఏ అంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ ఒక్క క్షణం వెలిగి ఆరాలి. వెలగకపోతే అనుమానించండి, ఆరకపోతే వచ్చేయండి. ఇది లేని ఎస్‌యూవీని ఉచితంగా ఇచ్చినా పిల్లలకు ఇవ్వకండి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచిందంటే, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు హైవే మీద టైరు విచ్చిపోయి పల్టీలు కొట్టడం వల్లే. రెండు వందల మందికి పైగా చనిపోయారు. బలహీనమైన టైరు, ఎత్తయిన బండి, అనుభవం లేని చెయ్యి ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

సైజు విషయంలో తల్లిదండ్రులకు ఒక భ్రమ ఉంటుంది: ఎంత పెద్ద బండైతే అంత క్షేమమని. సగం నిజమే. మరీ చిన్న కార్లు పిల్లలకు వద్దని ఐఐహెచ్‌ఎస్ అనే బీమా కంపెనీల భద్రతా సంస్థ కూడా అంటుంది. కానీ కన్స్యూమర్ రిపోర్ట్స్‌తో కలిసి అది ఇచ్చే పిల్లల కార్ల జాబితాలో మరీ భారీ ఎస్‌యూవీలకు చోటు లేదు. అవి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, తిప్పడమూ కష్టమే. సీఆర్‌-వీ, రావ్‌ఫోర్ నుంచి హైల్యాండర్ దాకా చాలు. టాహో, ఎక్స్‌పెడిషన్ల జోలికి వెళ్లొద్దు. స్ప్రింగులు మార్చి ఇంకా ఎత్తు పెంచిన ఫోర్‌రన్నర్లు అమ్మకానికి చాలా వస్తాయి. పిల్లలకు కళ్లు తిరిగేది వాటి దగ్గరే. అవి వద్దు, చర్చ లేదు.

మూడో వరుస సీట్లను కూడా లోపంగానే చూడండి. ఏడు సీట్లున్న బండి హైస్కూలు పార్కింగులోకి వెళ్తే ఆరుగురు స్నేహితులు ఎక్కుతారు. ఉదాహరణకు టెక్సాస్‌లో పద్దెనిమిదేళ్ల లోపు డ్రైవరు లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది కుటుంబ సభ్యులు కాని, ఇరవై ఒకటి లోపు వయసువాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదు దాకా, ఉద్యోగం, బడి, అత్యవసరం లాంటి కారణం లేకుండా నడపకూడదు. చట్టం ఉంది కదా అని ఊరుకోకండి. పైలట్ కొన్నా, హైల్యాండర్ కొన్నా ఆ మూడో వరుసను మడిచి, లెక్రాస్ బ్యాగో, క్రికెట్ కిట్టో పడేసి ఉంచండి.

ఇక డబ్బు. చేతిలో తొమ్మిది వేలుంటే తొమ్మిది వేల బండి వెతకడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. తొమ్మిది వేలుంటే ఆరున్నర వేల బండి వెతకండి. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను ఆరుంపావు శాతం. వ్యక్తి దగ్గర కొన్నప్పుడు, మీరిచ్చిన ధర, ప్రభుత్వం కట్టిన అంచనా విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను పడుతుంది. కాబట్టి "కాగితం మీద రెండు వేలని రాద్దాం" అనే పాత తెలివి ఇక్కడ పనిచేయదు, పైగా నేరం. పన్ను, రిజిస్ట్రేషను పోగా మిగిలింది మొదటి మూడు నెలల ఖర్చులకు: నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, అన్ని ద్రవాలూ మార్చడం. అది ఖర్చవదని ఎవరైనా చెబితే వాళ్లు పాత బండి ఎప్పుడూ కొనలేదని అర్థం.

గ్యాసు లెక్క మీ అమ్మాయి చేతే వేయించండి. నాలుగు లీటర్ల వీసిక్స్ ఫోర్‌రన్నర్ గ్యాలనుకు 17 మైళ్లు ఇస్తే గొప్ప. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 700 గ్యాలన్లు. 28 మైళ్లిచ్చే కొత్త తరం సీఆర్‌-వీకి 430 చాలు. గ్యాలను మూడు డాలర్లనుకున్నా తేడా ఏడాదికి ఎనిమిది వందలు. ఐస్‌క్రీమ్ షాపులో శని ఆదివారాలు పనిచేసే పిల్లకు ఎనిమిది వందలంటే ఎన్ని గంటలో తనకే తెలుసు. ఈ లెక్క వేశాక కూడా ఫోర్‌రన్నరే కావాలంటే, సరే, అది ఆలోచించి చెప్పిన మాట.

ఇన్సూరెన్సు ఏజెంటుకు బండి కొన్నాక కాదు, కొనకముందే విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) చెప్పి రేటు అడగండి. ఆరు వేల బండికి కొలిజన్ కవరేజీ తీసేస్తే తీసేయండి. కానీ లయబిలిటీని కనిష్ఠానికి దించి పొదుపు చేశామనుకోకండి. టెక్సాస్ కనిష్ఠ పరిమితి మనిషికి 30,000, ప్రమాదానికి 60,000, ఎదుటివారి ఆస్తికి 25,000. ముందున్న కొత్త టెస్లాను గుద్దితే ఆ పాతికవేలు బంపర్ల దగ్గరే అయిపోయినా ఆశ్చర్యం లేదు. ఆపైన ఎదుటివాళ్ల లాయరు చూసేది మీ వైపే. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లు కాంప్రిహెన్సివ్ మాత్రం ఉంచుకోండి. వసంతకాలపు వడగళ్లకు అదే దిక్కు. వడగళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బానెట్ మీద, పైకప్పు మీద చిన్న చిన్న నొక్కులున్న బండి పిల్లలకు బంగారం. నొక్కులు బండి పరుగును ఆపవు, ధరను మాత్రం బాగా దించుతాయి. ఇన్సూరెన్సు కంపెనీ దాన్ని "టోటల్" చేసినందువల్ల దానికి సాల్వేజ్ టైటిల్ పడిందేమో చూసుకుంటే చాలు.

మోడల్ విషయానికొస్తే, పాత బండి కొనేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇంజిన్‌లో టైమింగ్ బెల్టా, చెయినా? చెయిన్ మామూలుగా ఇంజిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. బెల్టు రబ్బరుది, గడువు తీరాక మార్చాలి. మార్చకపోతే ఏదో ఒక రోజు హైవే మీద తెగుతుంది. తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ రిపేరు బండి ధరతో పోటీపడుతుంది. హోండా పైలట్ వీసిక్స్‌కు 2022 మోడల్ దాకా బెల్టే. సుమారు లక్ష మైళ్లకు, లేదా ఏడేళ్లకు మార్చాలి, వాటర్ పంపుతో కలిపి వెయ్యి డాలర్లు అటూ ఇటూ. అంటే 1,60,000 మైళ్ల పైలట్ అమ్మేవాడి దగ్గర ఆ రసీదు ఉండాలి. లేకపోతే ధరలో వెయ్యి తగ్గాలి. హైల్యాండర్ వీసిక్స్‌కు 2007 దాకా బెల్టు, 2008 నుంచి చెయిన్. ఫోర్‌రన్నర్‌లో 2003 నుంచి వచ్చిన వీసిక్స్‌కు చెయిన్, ఆ తరంలోని వీఎయిట్‌కు బెల్టు. సీఆర్‌-వీకి 2002 నుంచి చెయినే. ఈ సమాచారం మీరు చెప్పకండి. "ఈ బండికి బెల్టా చెయినా కనుక్కుని సాయంత్రం చెప్పు" అనండి. పదిహేను నిమిషాల పని, జీవితాంతం గుర్తుంటుంది.

కొన్ని బళ్లకు పేరుపడ్డ జబ్బులుంటాయి. 2005 నుంచి 2010 దాకా వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రాల్లో రేడియేటరు లోపలి ట్రాన్స్‌మిషన్ కూలర్ పగిలి, కూలెంటు గేర్‌బాక్సులోకి దిగేది. రెండూ కలిసి గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా తయారై గేర్‌బాక్సును చంపేసేవి. రేడియేటరు మార్చిన రసీదు లేకుండా వాటి దగ్గరికి పోకండి. ఇక ఎనిమిది వేలకే దొరికే పాత జర్మన్ లగ్జరీ ఎస్‌యూవీలు. పిల్లలు వాటి మీద మనసు పారేసుకోవడం సహజం. ధర ఎనిమిది వేలైనా, విడిభాగాల ధర మాత్రం అది కొత్తగా ఉన్నప్పటి ధరకు తగ్గట్టే ఉంటుంది. ఎయిర్ సస్పెన్షన్ ఒక వైపు కుంగితే ఆ ఒక్క బిల్లుతోనే సంగతి అర్థమవుతుంది.

బండి చూడటానికి వెళ్లే రోజు. మన తాతలు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, తోక పట్టి, నాలుగడుగులు నడిపించాకే ధర మాట ఎత్తేవాళ్లు. బండికీ అదే పద్ధతి. ముందురోజే ఫోనులో చెప్పించండి: "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు." వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించమనండి. వెచ్చగా ఉంటే, ఎందుకు వేడి చేశారని అడగాలి. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి పది సెకన్లలో చెప్పే నిజాన్ని వేడి ఇంజిన్ చెప్పదు: చెయిన్ గలగల, టపటపమనే చప్పుడు, వెనక నీలం పొగ. నీలం పొగంటే ఆయిల్ మండుతోంది. తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్ల పొగైతే కూలెంటు. ఆయిల్ మూత తీసి అడుగున మీగడలాంటి జిడ్డు ఉందా చూడాలి. ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ ఉంటే తీసి వాసన చూడాలి. మాడిన వాసనైతే అక్కడితో ఆపండి.

టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. అచ్చులు నిండుగా ఉన్నా అలాంటి టైరును పిల్లల బండికి ఉంచకండి. తర్వాత వాహన పూజకు గుడికి తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు కదా, ఆ నాలుగంకెలు అప్పుడు కాదు, ఇప్పుడే చదవాలి.

వంగి కిందికి చూడాలి. ఒహాయో, మిషిగన్, న్యూయార్కు లాంటి రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఫ్రేమును తినేస్తుంది. రంగు మీద మాత్రం ఏమీ కనపడదు. టొయోటా అంతటి కంపెనీయే టకోమా, టండ్రా, సెకోయా ఫ్రేముల తుప్పు కేసును 2016లో దాదాపు 3.4 బిలియన్ డాలర్ల దాకా అయ్యే ఒప్పందంతో తెమల్చుకోవాల్సి వచ్చింది. టెక్సాస్‌లో అమ్ముతున్న బండైనా ఎక్కడ పెరిగిందో రిపోర్టులో చదవండి. హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన బండైతే 2017 నాటి హార్వీ వరదను గుర్తు పెట్టుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరకలున్నాయా చూడాలి, స్పేర్ టైరు గుంటలో చెయ్యి పెట్టి ఇసుక తడమాలి. లోపల సుగంధాల వాసన మరీ ఘాటుగా ఉంటే, దేన్నో కప్పిపెడుతున్నారు.

ఇప్పుడు పిల్లలకు ఎంతో ఇష్టమైన పని: కారు కంప్యూటరును చదివే, ఇరవై ముప్పై డాలర్లకు దొరికే ఓబీడీ స్కానరు. 1996 తర్వాతి ప్రతి కారుకూ స్టీరింగు కింద దాన్ని గుచ్చే సాకెట్ ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదని మురిసిపోకండి. మీరు రావడానికి అరగంట ముందు లోపాల కోడ్లు తుడిచేస్తే ఏ లైటూ వెలగదు. కానీ తుడిచేటప్పుడు మరో సంగతి కూడా చెరిగిపోతుంది. కారు కంప్యూటరు క్యాటలిటిక్ కన్వర్టరును, ఆక్సిజన్ సెన్సర్లను, గ్యాసు ఆవిరి వ్యవస్థను తనకు తానే పరీక్షించుకుని "రెడీ" అని రాసుకుంటుంది. కోడ్లు తుడిస్తే ఆ రాతలన్నీ "నాట్ రెడీ"గా మారిపోతాయి. మళ్లీ రెడీ కావాలంటే కొన్ని రోజులు రకరకాలుగా నడపాలి. లైటు లేదు, కానీ సగానికి సగం "నాట్ రెడీ" అని స్కానరు చూపిస్తే, కోడ్లు ఈమధ్యే తుడిచారన్నమాట, లేదా బ్యాటరీ విప్పారన్నమాట. ఏదైనా సరే, వారం తర్వాత మళ్లీ వస్తామని చెప్పండి. టెక్సాస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. డాలస్, కాలిన్, హారిస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది, అక్కడ చూసేదీ ఈ సాకెట్‌లోంచే. అంటే బ్రేకులు, స్టీరింగు బాగున్నాయని ప్రభుత్వం తరఫున చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

నడిపి చూసేటప్పుడు ముందు మీరు, తర్వాత మీ అమ్మాయి. ఖాళీ పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగాలి, టక్ టక్‌మంటే యాక్సిల్ జాయింటు పోయింది. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంటే దాన్ని వేసి చూడాలి, చాలామంది ఏళ్ల తరబడి వేయరు, అది బిగుసుకుపోయి ఉంటుంది. హైవే మీద డెబ్బైలో పావుగంట. ఏసీ ఫుల్లులో పెట్టి సిగ్నల్ దగ్గర ఆగి, వేడి సూచించే ముల్లు కదులుతోందా చూడాలి. ఇవన్నీ సరిపోయాకే ఇండిపెండెంట్ మెకానిక్ దగ్గరికి. లిఫ్టు ఎక్కించి చూడ్డానికి వంద నుంచి రెండు వందల దాకా తీసుకుంటారు. "మా అన్నయ్య స్నేహితుడికి కార్ల గురించి బాగా తెలుసు" అన్నది దీనికి బదులు కాదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే మాట్లాడాల్సిందేమీ లేదు, థాంక్యూ చెప్పి రండి.

ఇక మాట్లాడటం. మన పిల్లలు స్టేజీ మీద డిబేట్లు గెలుస్తారు గాని, ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోను చేయమంటే తడబడతారు. మెసేజీ కాదు, ఫోనే చేయించండి. మొదటి వాక్యం "మీరు పెట్టిన కారు గురించి ఫోన్ చేశాను" అనే ఉండాలి, ఏ కారో చెప్పకూడదు. అవతలి గొంతు "ఏ కారు?" అందంటే అతను నాలుగైదు బళ్లు పెట్టుకుని సొంత బండి అమ్ముతున్నట్టు నటించే దళారి. లైసెన్సున్న డీలరైతే ఫెడరల్ నియమం ప్రకారం బండి అద్దానికి బయ్యర్స్ గైడ్ అంటించాలి, వారంటీ ఉందో, ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నారో అందులో ఉంటుంది. ఈ దొంగ దళారి వేషం ఆ బాధ్యతను తప్పించుకోవడానికే. "ఎందుకు అమ్ముతున్నారు? ఎన్నాళ్లుగా మీ దగ్గర ఉంది? టైటిల్ మీ పేరు మీదే ఉందా? లోను తీరిపోయిందా?" ఈ నాలుగూ అడిగాక నోరు మూసుకుని వినమని చెప్పండి. చాలామంది అమ్మకందారులు మౌనాన్ని భరించలేక తామే చెప్పేస్తారు.

బేరం దగ్గర నాన్నలకు అడ్డుపడే అలవాటుంది. "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని బండి చూడకముందే మెసేజీ పెట్టడం, ఎక్కడో ఏదో నొక్కు చూసి "ఇది బాలేదు, అది బాలేదు" అని ఎత్తిపొడవడం. మీరు రెండడుగులు వెనక నిలబడండి. అమ్మాయి చేతిలో మెకానిక్ రాసిచ్చిన కాగితం ఉంటుంది.

"ముందు బ్రేకులు, వెనక టైర్లు రెండు, లీకవుతున్న వాల్వ్ కవర్ గ్యాస్కెట్. మొత్తం పదకొండు వందలని రాశారు. మీరు 6,900 అడుగుతున్నారు. 5,900 అయితే ఈరోజే బ్యాంకుకు వెళ్దాం."

అంతే. ఆ తర్వాత అమ్మేవాడు 6,200 అంటాడు, తను మీ వైపు చూస్తుంది. తల ఊపకండి. "నీ ఇష్టం, నీ బడ్జెట్టు నీకు తెలుసు" అనండి. మూడు వందలు నష్టపోయినా ఆ నిర్ణయం తనదే కావాలి.

డబ్బు చేతులు మారే చోట మాత్రం మీరు ముందుండాలి. బ్యాంకులోనే కలవండి, లేదంటే పోలీస్ స్టేషన్ పార్కింగులో. డ్యాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే విన్ నంబరు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీది నంబరు, టైటిల్ మీది నంబరు, మూడూ పదిహేడు అక్షరాలూ ఒకటే కావాలి. టైటిల్ మీద పేరు, అమ్మే మనిషి లైసెన్సు మీద పేరు ఒకటే కావాలి. "టైటిల్ మా కజిన్ పేరు మీద ఉంది" అనే మాట వినగానే డబ్బు జేబులో పెట్టుకోండి. అదే విన్ నంబరును ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో రీకాళ్ల కోసం చూడాలి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు అమెరికాలోనే దాదాపు 6.7 కోట్లు వెనక్కి పిలిచారు. హోండా, టొయోటా, ఫోర్డ్ పాత బళ్లలో అవి చాలా ఉన్నాయి. మార్చని బ్యాగు పేలితే ఇనుప ముక్కలు ముఖం మీదికి వస్తాయి. డీలరు దగ్గర ఉచితంగా మారుస్తారు. మార్చేదాకా బండి వాకిట్లోనే ఉండనివ్వండి. టెక్సాస్‌లో 130-యు ఫారం నింపి ముప్పై రోజుల్లో టైటిల్ మార్పించుకోవాలి. కౌంటీ ఆఫీసుకు అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఆ ఫారం తన చేతే నింపించండి. సంతకం మీరు చేయండి.

బండి ఇంటికి వచ్చిన మొదటి శనివారం వాకిట్లో జాకీ పెట్టి చక్రం విప్పించి మళ్లీ బిగించమనండి. అమ్మాయి కాబట్టి అక్కర్లేదనుకునే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఫోర్‌రన్నర్ స్పేర్ టైరు బండి కిందే వేలాడుతుంది, దాన్ని దింపే గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే ఆ సంగతి రాత్రి పదింటికి ఐ-35 హైవే పక్కన కాదు, ఇప్పుడే తెలియాలి. గ్లవ్‌బాక్సులో ఒక నోటుబుక్కు పెట్టించండి. గ్యాసు, ఆయిలు, రిపేరు, తేదీ, మైళ్లు. అమ్మేటప్పుడు ఆ పుస్తకమే అయిదు వందలు ఎక్కువ తెచ్చిపెడుతుంది.

మొదటి మూడు నెలల్లో ఏదో ఒకటి చెడుతుంది. ఆల్టర్నేటరో, విండో మోటారో, ఎక్కడో లీకో. ఇంట్లో ఎవరో ఒకరు, "నేను అప్పుడే అనుకున్నాను, కొత్తది కొనాల్సింది" అంటారు. ఆ మాట మీ నోటి నుంచి రానివ్వకండి. పక్కన పెట్టిన రెండున్నర వేలు ఇందుకే. మెకానిక్ నంబరిచ్చి, తననే ఫోను చేయమనండి.